గాల్వేలో పక్క చేను

మా నాన్న విత్తనప్పత్తి రైతు. గద్వాల నుంచి ఆటోలో పోయేంత దూరంలో మా ఊరు. మేం పండించే పత్తి బట్టకు కాదు, విత్తనానికి. చేలో ఆడ మొక్కల వరసలు వేరు, మగ మొక్కల వరసలు వేరు. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గను ఈ పూట బొటనవేలి గోరుతో మెల్లగా ఒలిచి పెడతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు కోసుకొచ్చి దానికి రుద్దుతారు. మా దగ్గర చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు అందరూ దీన్ని క్రాసింగ్ అనే అంటారు. ఇంత ఓపికగా చేసినా, పక్క చేలో ఎవరైనా వేరే పత్తి వేస్తే చాలు, తేనెటీగలు అటూ ఇటూ తిరిగి కష్టమంతా కలగాపులగం చేసిపెడతాయి. అందుకే విత్తనప్పత్తి రైతు తన చేను కంటే ముందు పక్క చేను చూసుకుంటాడు. అది ఎవరిది, ఏం వేస్తున్నాడు, ఎలాంటి మనిషి.

నాన్న లోకాన్నంతా ఈ చూపుతోనే చూస్తాడు. ట్రాక్టరు కొనేవాళ్ళు వచ్చినా, ఇల్లు కొనేవాళ్ళు వచ్చినా, పెళ్ళి సంబంధం గురించి అడగవచ్చినా ఆయన చెప్పే మాట ఒకటే. "అమ్మెటోన్ని అడిగితె ఏం జెప్తడు? పక్క చేనోన్ని అడుగు."

ఐర్లండులో డాక్టరు చదువుకు నేను కాలేజీ ఎంచుకున్నది కూడా ఈ పద్ధతిలోనే. అడగవలసిన మనిషిని నేను కావడమే అందులోని చిక్కు.

నాకు మాట్లాడటం రాదు. నోరు బాగానే ఉంది. పుస్తకంలో ఉన్న మాటయితే పేజీలు పేజీలు బయటికి చదువుతాను. డైరీలో అయితే వాగుడుకాయను. ఎదుట మనిషి ఉండి, ఆ మనిషి నా జవాబు కోసం చూస్తున్నాడని తెలిస్తే మాత్రం గొంతులో ఎవరో బోల్టు బిగించినట్టు అవుతుంది. ఇంటర్మీడియట్ వనపర్తిలో హాస్టల్లో ఉండి చదివాను. సెలవులకు బస్సులో వచ్చేటప్పుడు మా ఊరి స్టేజీ దగ్గర "ఆపుండ్రి" అనే ఒక్క మాట అనలేక, గద్వాల బస్టాండు దాకా పోయి, అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వచ్చేదాన్ని. ఇంట్లో మాత్రం గద్వాలలో పుస్తకాల షాపులో పని ఉండి దిగానని చెప్పేదాన్ని. నిజంగానే ఒక పుస్తకం కొనేదాన్ని కాబట్టి అది అబద్ధం కాదు. అలా నా దగ్గర చాలా పుస్తకాలు చేరాయి.

మాట రాని పిల్లకు మాట్లాడే చిన్నమ్మ ఉంటే ఇంక ఆ పిల్లకు మాట ఎప్పటికీ రాదు. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళది పాన్‌గల్. నా చిన్నప్పుడు సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోతే నా తరఫున మాట్లాడే బాధ్యత అంతా చిన్నమ్మదే. "దానికి నీలం ఇష్టం" అని బట్టల షాపులో చెప్పేది. "దానికి ఆకలి గాలే" అని చుట్టాలకు చెప్పేది. అప్పుడు నాకు ఆకలి దంచేస్తూ ఉండేది. పెళ్ళై ఐర్లండు పోయాక కూడా వీడియో కాల్లో అదే వరస. నా అల్మరా తెరిస్తే ఇప్పటికీ అంతా నీలమే. ప్రేమతో చేసినదాన్ని తప్పు పట్టలేను. పైగా తప్పు పట్టాలంటే మాట్లాడాలి.

నీట్‌లో నేను గట్టెక్కాను గాని, సీటు మాత్రం నాకు కనిపించేంత దగ్గరికి రాలేదు. "వనపర్తిలనే డాక్టరు కాలేజీ ఉండంగ ఐర్లండు ఎందుకు?" అని ఊళ్ళో అడిగిన ప్రతి ఒక్కరికీ అమ్మ ఈ సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఐర్లండు ఆలోచన చిన్నమ్మది. డబ్బు ఏర్పాటు ఆమె, అమ్మమ్మవాళ్ళు, నాన్న కలిసి చేశారు. ఆ మాట నా ముందు ఎత్తరు, నేనూ ఇక్కడ ఎత్తను. నాన్న తల్లి, మా అవ్వకు వచ్చిన అనుమానం ఒక్కటే. "ఐర్లండు యాడికొస్తది? కర్నూలు దాటినంకనా?" అని అడిగింది. అవునన్నాను. దాటాకే కదా.

దరఖాస్తులన్నీ నేనే పెట్టాను. కాగితం పని కాబట్టి హాయిగా చేశాను. ఇంటర్వ్యూలు కంప్యూటర్ ముందు జరిగాయి. ప్రశ్న అడిగాక ఆలోచించుకోవడానికి వాళ్ళే కొంత వ్యవధి ఇస్తారు. లోకమంతా అలా నడిస్తే నేను ఈపాటికి పెద్ద వక్తనయ్యేదాన్ని. చివరికి రెండు కాలేజీలు రమ్మన్నాయి. ఒకటి డబ్లిన్‌లో, చిన్నమ్మ ఇంటి నుంచి బస్సులో పోయి రావచ్చు. రెండోది గాల్వేలో, ఆ దేశానికి అటు చివర, సముద్రం ఒడ్డున. అక్కడ మాకు తెలిసిన నరపురుగు కూడా లేదు.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడంలో నేను చాలా వారాలు సంతోషంగా గడిపాను. ఏ ఏడు ఏం చెప్తారు, రోగుల దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారు, శవాన్ని కోసి నేర్పుతారా, బొమ్మలతో సరిపెడతారా. కాగితం మీద రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఎక్కడ చదివినా తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ పరీక్ష రాయక తప్పదు. చదువయ్యాక ఇంటర్న్‌షిప్ అక్కడే దొరుకుతుందా అని ఇద్దరికీ రాస్తే, ఇద్దరూ ఎంతో మర్యాదగా, ఒకరిని చూసి ఒకరు రాసినట్టు, హామీ ఇవ్వలేమని జవాబిచ్చారు. ఇంక తేడా ఏమిటంటే డబ్లిన్‌లో చిన్నమ్మ ఉంది, గాల్వేలో లేదు.

అమ్మ దృష్టిలో అక్కడితో విషయం తేలిపోయింది. నాన్న దృష్టిలో ఇంకా మొదలే కాలేదు. ఆయనకు అప్పుడు ఖాళీ కూడా దొరికింది. పత్తి ఏరడం అయిపోయి, విత్తనం కంపెనీకి పోయింది. వాళ్ళు దాన్ని నాటి చూసి పాసో ఫెయిలో చెప్పేదాకా రైతు చేయగలిగింది ఏమీ ఉండదు. గాబరాను మళ్ళించుకోవడానికి నాన్నకు నా కాలేజీ దొరికింది.

నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో విదేశాల్లో డాక్టరు చదువు గురించి మీటింగ్ ఉందని ఎవరో చెబితే నన్ను తీసుకుని బయల్దేరాడు. టై కట్టుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. నీలాకాశం, పచ్చిక, దాని మీద కూర్చుని లావుపాటి పుస్తకం చూసి నవ్వుతున్న ముగ్గురు విద్యార్థులు. శరీర నిర్మాణం పుస్తకం చూసి అంతగా నవ్వేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. "సార్, వానవడ్డనాటి ఫొటో ఉన్నదా?"

"అంటే సార్?"

"మా కంపెనోళ్ళు గూడ గిట్లనే రోడ్డుపక్క చేను సూపిస్తరు. లోపటి చేండ్లు సూపియ్యరు. మీరు జర లోపటిది సూపియ్యుండ్రి."

హాలంతా నవ్వింది. టై ఆయన కూడా నవ్వి, "అక్కడ వాన కామన్ సార్" అన్నాడు.

"అదే అడుగుతున్న. కామన్ ఉన్నది ఫొటోల ఎందుకు లేదు?"

నేను కుర్చీలో ఎంత కిందికి జారానంటే, వెనక కూర్చున్న ఒకావిడ "ఏమన్న పడిపోయిందా బిడ్డా?" అని వంగి నాతో పాటు వెతకసాగింది. పైన నాన్న మాత్రం ఆగలేదు.

"మల్ల కాలేజీకి పక్కపొంటి ఎవరుంటరు సార్?"

"పక్కన... షాపులుంటాయి సార్."

"వాళ్ళ నెంబర్లు ఉన్నయా?"

టై ఆయన దగ్గర లేవు. తిరుగు బస్సులో నాన్న చాలాసేపు కిటికీలోంచి చూసి, "నీ ఫోన్ల మ్యాపుల ఉంటయి గద?" అన్నాడు. నేను ఫోను తీసి సంచి అడుక్కి తోసేశాను.

ఆ సాయంత్రం మా వరండాలో డబ్లిన్, గాల్వే రెండూ విడిది చేశాయి. నేను మ్యాపులో వీధులు తిప్పుతుంటే నాన్న, అమ్మ, అవ్వ నా భుజాల మీదుగా చూశారు. డబ్లిన్ కాలేజీ గోడ పక్కన ఒక కాఫీ షాపు ఉంది. గాల్వే కాలేజీ నుంచి కొంచెం ముందుకు పోతే ఒక సైకిళ్ళ షాపు. ఆ వీధి ఫొటో తీసినప్పుడు వాన కురుస్తోంది కాబోలు, రోడ్డంతా తడి, ఒకాయన గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోయి ఉంది.

"గిది నిజమైన ఫొటో" అన్నాడు నాన్న తృప్తిగా.

"చెల్లెను అడిగితె అయిపోతది గద" అంది అమ్మ. "అది ఆడనే ఉన్నది. పిల్లను ఎందుకు పరేషాన్ జేస్తవు?"

"నీ చెల్లె డబ్లిన్ కంపెనీ ఏజెంటు. ఆమె ఏం జెప్తదో నాకు తెల్వదా?"

"అయితె నువ్వే మాట్లాడు."

"నాకు ఇంగ్లీషొస్తె నేను ఈడెందుకుంట?" అని ఫోను నా చేతిలో పెట్టాడు నాన్న.

మరుసటి సాయంత్రం, అంటే అక్కడ మధ్యాహ్న భోజనం వేళ, డబ్లిన్ కాఫీ షాపుకు ఫోన్ చేశాను. చెప్పవలసిన మాటలు ముందే కాగితం మీద రాసుకున్నాను. మొదటి వాక్యం చాలా బాగా వచ్చింది. నేను భారతదేశం నుంచి మాట్లాడుతున్నాను, మీ పక్కనున్న వైద్య కళాశాల గురించి మీ అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను, అని. అవతల ఒక అమ్మాయి ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, జనం గోల. ఆ అమ్మాయి ఇంగ్లీషు నేను పుస్తకాల్లో చదివిన ఇంగ్లీషు కాదు, దానికి చక్రాలున్నాయి.

"హలో, ఒక్క నిమిషం, ఆ, చెప్పండి, తీసుకెళ్ళడానికేనా?"

నా వాక్యం ఇంకా "నేను" దగ్గరే ఉంది. "అవును" అనేశాను.

"ఏం కావాలి? చీజ్ శాండ్‌విచ్ ఒక్కటే మిగిలింది."

"అదే."

"వేడి చెయ్యాలా?"

"వద్దు" అన్నాను, పాపం ఆమెకు పని పెంచడం ఎందుకని.

"పేరు?"

నా పేరు చెప్పడానికి ధైర్యం చాలక అవ్వ పేరు చెప్పాను. ఆ అమ్మాయి దాన్ని ఏదోలా పలికి, ఇరవై నిమిషాలు అని పెట్టేసింది.

మా వాళ్ళు ముగ్గురూ నా ముఖంలోకి చూస్తున్నారు.

"ఏమన్నరు?" అన్నాడు నాన్న.

"ఇరవై నిమిషాల్ల తయారైతదంట."

"ఏంది? కాలేజా?"

"శాండ్‌విచ్."

అమ్మ గడప పట్టుకుని కూలబడి నవ్వింది. అవ్వకు ఆ శాండ్‌విచ్ ఏమిటో చెప్పి, ఎవరి పేరు మీద తయారవుతోందో కూడా చెప్పవలసి వచ్చింది.

"నా పేరెందుకు జెప్పినవే? పోలీసోళ్ళొస్తె?"

"రొట్టె ముక్కకు ఐర్లండు పోలీసోళ్ళు ఈడిదాక వస్తరానే అవ్వా?" అన్నాడు నాన్న. అవ్వను ఆయనా అవ్వా అనే పిలుస్తాడు. తర్వాత గంభీరంగా గడ్డం గోక్కున్నాడు. "ఒకటైతె తెలిసింది. పక్క చేను మస్తు గిరాకి మీద ఉన్నది. ఆగెటోళ్ళు గాదు."

నాకు మాత్రం డబ్లిన్‌లో ఒక బల్ల మీద, అవ్వ పేరు రాసిన కాగితం సంచి చల్లారిపోతూ కనిపిస్తూనే ఉంది. వేడి చెయ్యవద్దన్నాను కాబట్టి చల్లారడానికి అందులో ఏమీ లేదని సర్దిచెప్పుకున్నాను.

గాల్వేకు ఫోన్ చేయనని మొండికేశాను. నాన్న బలవంతం చేయలేదు. ఫోను మాత్రం నేను తినే కంచం పక్కన, చదివే పుస్తకం పక్కన, ఎక్కడ కూర్చుంటే అక్కడ ప్రత్యక్షమయ్యేది. అమ్మ మాత్రం, "రాని పని ఎందుకు చెప్తవు దానికి? చెల్లె ఉన్నది గద, అన్ని అది మాట్లాడుతది. ఆడికి పోయినా అదే మాట్లాడుతది" అంది. నా మంచికే అంది. ఆ మాట నన్ను పట్టుకుని వదలలేదు. ఐదారేళ్ళు చదివి డాక్టరునై, రోగి మంచం పక్కన నిలబడి, ఎక్కడ నొప్పి అని అడగవలసి వచ్చినప్పుడు చిన్నమ్మ కోసం వెనక్కి తిరిగి చూస్తున్న నన్ను నేను చూశాను. తెల్లకోటు కూడా నీలంగానే కనిపించింది.

నాన్న గద్వాలకు పోయిన ఒక సాయంత్రం ఫోను తీసుకుని మిద్దె ఎక్కి, గాల్వే సైకిళ్ళ షాపు నంబరు నొక్కాను. ఈసారి కాగితం లేదు. మోగింది. ఎత్తారు.

"హలో" అంది ఒక ముసలి గొంతు.

"హలో" అన్నాను. అంతే. బోల్టు బిగిసింది.

"హలో?" అన్నాడాయన మళ్ళీ.

మా వైపు ఎవరైనా అయితే ఈపాటికి ఒక తిట్టు తిట్టి పెట్టేసేవాళ్ళు. ఆయన కాసేపు విన్నాడు. "మీరు ఉన్నారని తెలుస్తోంది. వెనక ఒక కోడి వినిపిస్తోంది" అన్నాడు. మా కోడే, గోడ మీద నిలబడి వేళాపాళా లేకుండా కూస్తోంది. "తొందరేం లేదు. నా చేతిలో ఒక చక్రం ఉంది, దాని పని చూసుకుంటాను. ఫోను ఇక్కడ బల్ల మీదే పెడుతున్నాను. మీరు ఎప్పుడంటే అప్పుడు చెప్పండి."

నిజంగానే పెట్టేశాడు. ఠక్కుమని బల్ల చప్పుడు. తర్వాత చక్రం తిరగడం వినిపించింది, టికటికటిక అని జోరుగా మొదలై, మెల్లమెల్లగా దూరమై, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఎక్కడో రేడియో సన్నగా మాట్లాడుతోంది. రేకుల మీద వాన. ఆయన ముక్కుతో ఏదో పాట తీస్తున్నాడు, అది పాటగా తేలడం లేదు. నన్ను ఎవరూ చూడటం లేదు, కనిపెట్టుకుని లేరు, అయినా నేను మాట్లాడితే వినేవాళ్ళున్నారు. నా బతుకులో అలాంటి చోటు అంతకుముందు నా డైరీ ఒక్కటే.

చక్రం ఎన్నోసారో ఆగినప్పుడు, "నేను ఇండియా నుంచి మాట్లాడుతున్నాను" అని నా గొంతు నాకే వినిపించింది.

"ఆ, చెప్పండి" అన్నాడు ఫోను ఎత్తుకుని, ఇంతసేపూ ఏమీ జరగనట్టు.

చెప్పాను. కాలేజీ సంగతి, నాన్న సంగతి, విత్తనప్పత్తి సంగతి, పక్క చేను వాళ్ళను ఎందుకు అడగాలో కూడా. ఆయన నవ్వాడు. తనను ఇంతవరకు ఎవరూ పక్క చేను అనలేదన్నాడు.

నిజం చెప్పాలంటే ఆయనకు ఆ కాలేజీ గురించి ఏమీ తెలియదు. "నేను సైకిళ్ళు చూస్తాను, మార్కులు చూడను" అన్నాడు. "ఒకసారి నా చెయ్యి విరిగితే పెద్ద డాక్టరు వెంట పిల్లలు గుంపుగా వచ్చి చూశారు. అందరూ ఎముక ఎలా ఉందని అడిగారు. ఒక పిల్ల నేనెలా ఉన్నానని అడిగింది. ఆ పిల్ల ఏ సంవత్సరం చదువుతోందో నాకు తెలియదు." గది దొరకడం చాలా కష్టం, ఇప్పటినుంచే వెతుక్కోమన్నాడు. సముద్రపు గాలికి సైకిలు గొలుసులు తుప్పు పడతాయన్నాడు. వాన గురించి అడిగితే, "అడక్కండి, వింటుంది" అన్నాడు. చివరికి ఆయనే ఒక ప్రశ్న అడిగాడు. "మీకు సైకిలు తొక్కడం వచ్చా?"

"రాదు."

"వచ్చేముందు నేర్చుకోండి. మిగతాది కాలేజీవాళ్ళు నేర్పుతారు."

నాన్న రాగానే ఈ వివరాలన్నీ ఒప్పజెప్పాను. "ఏం తెల్వలే నాయినా. ఇల్లు దొరకదంట. గొలుసుకు తుప్పు పడ్తదంట. వానంట."

నాన్న ముఖం వెలిగిపోయింది. "చెడ్డది ముందుగాల జెప్పిండా? అయితె మంచోడే."

నేను ఏ కాలేజీ అనుకుంటున్నానో అప్పటికి నాకు తెలిసిపోయింది. అది తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే కావడం ఇబ్బంది. వారం లోపల ఎవరో ఒకరికి ఒప్పుకుంటున్నానని రాయాలి. ఆ ఆదివారం చిన్నమ్మ వీడియో కాల్ చేసింది. అమ్మ ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది. చిన్నమ్మ పలకరింపుల జోలికి పోలేదు.

"రూము తయారు జేసిన అక్కా. గోడకు నీలం రంగేయించిన. దానికి నీలం ఇష్టం గద."

"అది గూడ డబ్లినే అంటున్నది" అంది అమ్మ. నేను ఏమీ అనలేదు. అనకపోతే అలాగే అవుతుంది మరి.

నాన్న ఊరుకోలేదు. "నీ ఇంట్లుంటె తెలుగే మాట్లాడుకుంట కూసుంటది. పక్కపొంటి మన చేనే ఉండొద్దు. దూరం ఉంటెనే ఇత్తనం సాఫుగొస్తది."

"బావా, పిల్ల ఏమన్న పత్తి చెట్టా?"

"పత్తి చెట్టే నయం. పక్కల నిలవడి దాని బదులు ఎవరు మాట్లాడరు."

"ఎటువోయినా అన్నం దొరుకుతదా లేదా, అది చెప్పుండ్రి" అంది అవ్వ. చిన్నమ్మ తన వంటల పట్టిక చదవడం మొదలుపెట్టింది. అమ్మ మధ్యలో చలికోట్ల గురించి అడిగింది. నేను ఒకసారి నోరు తెరిచి మూశాను. ఆవులింత అనుకుని అమ్మ, "నిద్రొస్తున్నదంట దానికి" అని చిన్నమ్మకు చెప్పింది.

అప్పుడు నా చెయ్యి దానంతటదే పోయి ఫోనును చెంబు దగ్గరి నుంచి ఎత్తింది. "జర ఆగుండ్రి" అన్నాను.

అందరూ ఆగారు. ఆ తర్వాత అనవలసిన మాట మాత్రం రాలేదు. బోల్టు. వరండా అంతా నా వైపే చూస్తోంది. చిన్నమ్మ ముఖం నా అరచేతిలో ఉంది.

"అది ఏమంటున్నదంటె..." అని అమ్మ అందుకోబోయింది.

"ఉండు" అన్నాడు నాన్న. "అదే జెప్తది."

ఆయన నా వైపు చూడటం మానేసి, ముందున్న చేటలోంచి పల్లికాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు. టప్. గింజలు ఒకవైపు, పొట్టు ఒకవైపు. టప్. సైకిళ్ళ ఆయన చక్రం సంగతి నేను నాన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ చప్పుడు వింటూ చేటలోకే చూస్తూ, కాయలకు చెబుతున్నట్టు చెప్పాను.

"నేను గాల్వేకు పోత."

"గాల్వేకా?" అంది చిన్నమ్మ. "ఆడ ఎవరున్నరే?"

"ఎవ్వరు లేరు. అందుకే." మాట మొదలయ్యాక ఆపడం కూడా నాకు రాదని అప్పుడే తెలిసింది. "నా మాటలన్ని నువ్వే మాట్లాడుతవు చిన్నమ్మా. నీ దగ్గరుంటె నేను మాట్లాడనే మాట్లాడ. రేపు పేషెంటు వచ్చి నొప్పి అంటె గూడ నీ దిక్కే సూస్త."

చిన్నమ్మ బొమ్మ కదలకుండా ఆగిపోయింది. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

"నెట్ వోయినట్టున్నది" అంది అమ్మ.

"నెట్ పోలే" అంది చిన్నమ్మ. "నేనే ఆగిన."

మా ఇంట్లో అది మునుపెన్నడూ జరగలేదు. నాన్న పల్లికాయలు ఒలుస్తూనే ఉన్నాడు.

"అంటే నేను ఎక్కువ మాట్లాడుతనా?" అంది చిన్నమ్మ చివరికి.

"జర" అంది అవ్వ.

"గోడకు నీలం గూడ ఏయిస్తినిగదే..."

"నాకు నీలం ఇష్టం లేదు చిన్నమ్మా." దీనికి మాత్రం నా గొంతు చిన్నదైపోయింది. గోడ రంగు తడి కూడా ఆరిందో లేదో.

"మల్ల ఏ రంగు ఇష్టమే?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఆలోచించి చెప్తానన్నాను. "సరె, ఆలోచించు" అంది చిన్నమ్మ. ఆమె కళ్ళు తడిగానే ఉన్నాయి గాని, ఇంకో మాట అనకుండా ఉండటానికి ఆమె పడుతున్న కష్టం చూసి నాకే జాలేసింది. చాలాసేపు ఉంది, ఒక నిమిషం దాకా. తర్వాత గాల్వేలో చలికి ఏ మేజోళ్ళు పనికొస్తాయో చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి వాక్యం చివర "ఏమంటవు?" అని ఒక మాట తగిలించింది.

అమ్మ ఆ పూటంతా నాతో ముక్తసరిగా ఉంది. అన్నం వేళకు వచ్చి, "ఆకలైతున్నదా?" అని అడిగి, జవాబు చెప్పేదాకా గరిటె పట్టుకుని నిలబడింది. అవుతోందన్నాను.

నాన్న మాత్రం ఊరంతా తిరిగి, దూరం పాటిస్తేనే విత్తనం బాగుంటుందని మా పిల్ల కూడా ఒప్పుకుందని చెప్పుకుంటున్నాడు. ఆయన విత్తనం సంగతి కంపెనీవాళ్ళు ఇంకా తేల్చలేదు. నేను గాల్వేకు రాసేశాను, వాళ్ళు సంతోషమని జవాబిచ్చారు. ఆ తర్వాత చిన్నమ్మ ఒక ఫొటో పంపింది. పని మీద అటు పోయినప్పుడు ఆ కాఫీ షాపుకు వెళ్ళిందట. వాళ్ళకు ఎవరి ఆర్డరూ గుర్తు లేదు. తనే ఒక చీజ్ శాండ్‌విచ్ కొని, వేడి చేయించకుండా, అవ్వ పేరు చెప్పి సంచి మీద రాయించుకుంది. కింద, "అత్తమ్మా, నీ పార్సిలు తీసుకున్న" అని రాసింది. అవ్వ ఆ ఫొటోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "రుచి ఎట్లున్నదంట?" అంది.

"సల్లగున్నదంట."

పత్తి మిల్లు వెనకున్న ఖాళీ జాగాలో నేనిప్పుడు సైకిలు నేర్చుకుంటున్నాను. నాన్న వెనక పట్టుకుంటానని చెప్పి పట్టుకోడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. వాటికి అయొడిన్ పూసుకుంటూ వైద్యవృత్తి మొదలుపెట్టాను.

మొన్న గాల్వే సైకిళ్ళ షాపుకు మళ్ళీ ఫోన్ చేశాను, ఒక పాత సైకిలు నా కోసం పక్కన పెట్టగలరా అని అడగడానికి. వంటింటి గుమ్మంలో నిలబడి, స్పీకరు పెట్టే చేశాను. ఆయన ఎత్తీ ఎత్తకముందే హలో నేనే అన్నాను. ఆయనకు నేను గుర్తు లేను.

"ఎవరండీ?"

కోడి అన్నాను, పత్తి అన్నాను, పక్క చేను అన్నాను. ఏదీ పని చేయలేదు. ఇంక మొదటినుంచీ అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఫోను బల్ల మీద పెట్టాడనుకుంటాను, చక్రం తిరుగుతోంది. నేను మాత్రం ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. అయ్యాక ఆయన, "అలాగే పెడతాను. మీ ఎత్తు ఎంత?" అన్నాడు.

వంటింట్లో అమ్మకు ఇంగ్లీషు రాదు గాని ఆ ప్రశ్న ఏ భాషలో వచ్చినా అర్థమవుతుంది. సంబంధాలవాళ్ళు అడిగేది అదే కదా. లోపలి నుంచే కేకేసింది. "ఒక ఇంచు ఎక్కువ జెప్పు బిడ్డా!"

ఉన్నంతే చెప్పాను. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవలసింది నాకు.